బిడ్డ కోసం ఇచ్చిన వివరాలు ఎక్కడిదాకా వెళ్తాయి?

2019 డిసెంబర్‌లో నెదర్లాండ్స్‌లో కొందరు తల్లిదండ్రుల చేతికి ప్రభుత్వ పన్నుల శాఖ నుంచి కాగితాల కట్టలు వచ్చాయి. పిల్లల సంరక్షణ కోసం తమకు అందుతున్న సాయాన్ని ఎందుకు ఆపేశారో, అప్పటిదాకా ఇచ్చిన సొమ్మంతా ఎందుకు వెనక్కి కట్టమంటున్నారో చెప్పమని ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా వచ్చిన సొంత ఫైళ్లు అవి. తెరిచి చూస్తే పేజీ తరవాత పేజీ నల్లరంగు పూసి ఉంది. చాలా పేజీల్లో చదవడానికి ఒక్క వాక్యం కూడా మిగల్లేదు. ఆ ఫైళ్లలో ఉన్నది వాళ్ల జీతాలు, వాళ్ల పిల్లల పేర్లు, వాళ్ల కుటుంబం గురించి అధికారులు రాసుకున్న అభిప్రాయాలు. వివరాలు ఇచ్చింది తామే అయినా, వాటితో ఏం చేశారో చూసే అవకాశం మాత్రం వాళ్లకు దక్కలేదు. ఆ శాఖ బాధ్యత చూస్తున్న మంత్రి మెన్నో స్నెల్ అదే నెలలో రాజీనామా చేశారు.

వ్యక్తిగత సమాచార రక్షణ అనగానే మనకు ముందుగా దొంగతనం గుర్తుకొస్తుంది. ఎవరో హ్యాకర్ చొరబడడం, ఏదో వెబ్‌సైట్‌లో ఆధార్ నంబర్లు బయటపడడం వంటివి. ఆ భయం నిరాధారమైనదేమీ కాదు. 2017లో ఒక పరిశోధన సంస్థ నాలుగు ప్రభుత్వ పోర్టళ్లను పరిశీలించి సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు అందరికీ కనబడేలా ఉన్నాయని తేల్చినప్పుడు, ఆ నాలుగింటిలో ఆంధ్రప్రదేశ్ పోర్టళ్లు కూడా ఉన్నాయి. అయితే సంక్షేమ పథకాల దగ్గర, ముఖ్యంగా పసిపిల్లల కోసం ఇచ్చే సాయాల దగ్గర, అంతకన్నా లోతైన చిక్కు ఒకటి ఉంది. ఏ దొంగా రాకుండానే, ఏ తాళమూ పగలకుండానే, సమాచారం తీసుకున్న కార్యాలయమే దాన్ని వేరే పనికి వాడి, ఆ వాడకంలో పొరపాటు చేసి, ఆ పొరపాటును తల్లిదండ్రుల నెత్తిన వేయగలదు. నెదర్లాండ్స్‌లో జరిగిన ఆ డచ్ ఉదంతం ఈ రెండో రకానికి చెందినది. అది ఎలా జరిగిందో విడమర్చి చూస్తే, మన పథకాల్లో ఏ ప్రశ్నలు అడగాలో తెలుస్తుంది.

నెదర్లాండ్స్‌లో తల్లీతండ్రీ ఇద్దరూ ఉద్యోగం చేస్తూ, బిడ్డను డే కేర్‌లోనో, ఇంట్లో నలుగురైదుగురు పిల్లల్ని చూసుకునే ఆయా దగ్గరో వదిలితే, ఆ ఖర్చులో కొంత భాగాన్ని ప్రభుత్వం భరిస్తుంది. ఆదాయం తక్కువగా ఉన్నవారికి, ప్రభుత్వం నిర్ణయించిన గంట రేటులో 96 శాతం దాకా తిరిగి వస్తుంది. ఐండ్‌హోవెన్, ఆమ్స్టెల్‌వీన్ వంటి చోట్ల ఉద్యోగాలు చేసుకుంటున్న భారతీయ కుటుంబాలు కూడా దరఖాస్తు పెట్టే పథకమే ఇది. సాయం లెక్క కట్టడానికి పన్నుల శాఖకు కావలసిన వివరాలు తక్కువేమీ కావు. ఇద్దరి ఆదాయం, ఉద్యోగం చేసే గంటలు, బిడ్డ డే కేర్‌లో గడిపే గంటలు, ఆ కేంద్రం రిజిస్ట్రేషన్ సంఖ్య, ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారు, భార్యాభర్తలు విడిపోతే ఎప్పటి నుంచి, బ్యాంకు ఖాతా ఏది అన్నవన్నీ అవసరమే. వీటిని అడగడంలో తప్పేమీ లేదు. ఆదాయాన్ని బట్టి సాయం ఇవ్వాలంటే ఆదాయం తెలియాలి కదా.

ఈ పథకంలో సాయాన్ని ముందుగా ఇచ్చి, లెక్క తరవాత తేలుస్తారు. ఏడాది మొదట్లో తల్లిదండ్రులు తమ ఆదాయాన్ని, అవసరమయ్యే గంటలను అంచనా వేసి చెబితే నెలనెలా డబ్బు పడుతుంది. ఏడాది గడిచాక అసలు లెక్కతో పోల్చి, ఎక్కువ ఇచ్చి ఉంటే వెనక్కి తీసుకుంటారు. జీతం పెరిగినా, పని గంటలు మారినా, విడాకులైనా ఆ లెక్క తప్పుతుంది. అంటే ఈ పథకంలో తప్పు లెక్క మామూలుగా జరిగే సంగతి, మోసానికి గుర్తు కాదు. ఆ తేడాను ప్రభుత్వం మరిచిపోవడంతోనే కష్టాలన్నీ మొదలయ్యాయి.

2013లో బల్గేరియా నుంచి మనుషుల్ని తీసుకొచ్చి, తాత్కాలిక చిరునామాలపై నమోదు చేయించి, వాళ్ల పేర్లతో ప్రభుత్వ సాయాలు కాజేసిన ముఠాల వ్యవహారం అక్కడి మీడియాలో పెద్ద దుమారం రేపింది. పార్లమెంటు మండిపడింది, మంత్రులు కఠినంగా ఉంటామన్నారు, పన్నుల శాఖలో మోసాల వేటకు ప్రత్యేక బృందం పుట్టింది. 2014లో ఆ బృందం ఐండ్‌హోవెన్‌లోని ఒక శిశు సంరక్షణ ఏజెన్సీపై అనుమానంతో, దాని ద్వారా పిల్లల్ని ఆయాల దగ్గర వదిలిన సుమారు 300 కుటుంబాలకు సాయాన్ని ఒక్కసారిగా నిలిపివేసింది. ఆ కుటుంబాల్లో చాలామంది మూలాలు వేరే దేశాలవి. విడివిడిగా ఏ కుటుంబం ఏం తప్పు చేసిందన్న విచారణ ముందు జరగలేదు. ఒక సంతకం లేకపోయినా, తాము భరించాల్సిన చిన్న వాటాను చెల్లించినట్టు రసీదు చూపలేకపోయినా, ఏడాదికి ఇచ్చిన సాయమంతా వెనక్కి కట్టాల్సిందేనన్న వ్యాఖ్యానంతో శాఖ నోటీసులు పంపింది. అక్కడి ఉన్నత పాలనా న్యాయస్థానం కూడా 2019 అక్టోబర్ దాకా ఆ వ్యాఖ్యానాన్నే సమర్థించింది. కొన్ని కుటుంబాలకు వచ్చిన నోటీసులు పదుల వేల యూరోలవి.

ఇక్కడిదాకా ఇది కఠినమైన చట్టం కథలా కనిపిస్తుంది. సమాచారం కథ దాని అడుగున ఉంది, అసలు చూడవలసింది అక్కడే.

డచ్ పౌరసత్వంతోపాటు మరో దేశ పౌరసత్వం కూడా ఉన్నవారి రెండో జాతీయతను 2014 జనవరి నుంచి అక్కడి జనాభా రిజిస్టర్‌లో నమోదు చేయడం మానేశారు. సాయానికి అర్హత తేల్చడానికి ఆ వివరం అక్కరలేదు. దరఖాస్తుదారు డచ్ పౌరులా, కాకపోతే చట్టబద్ధంగా నివసిస్తున్నారా అన్నది తెలిస్తే చాలు. అయినా పన్నుల శాఖ తన దగ్గర అంతకుముందు పోగుపడిన రెండో జాతీయత వివరాలను చెరిపివేయలేదు. 2018 మే నాటికి కూడా సుమారు 14 లక్షల మంది వివరాలు అలాగే ఉన్నాయని వ్యక్తిగత సమాచార రక్షణ సంస్థ తన విచారణలో తేల్చింది. అవసరం తీరిన వివరం పెట్టెలో మిగిలిపోతే అది ఊరికే ఉండదు, ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు తీసి వాడతారు. ఇక్కడా అదే జరిగింది. ముఠా మోసాల అనుమానం వచ్చినప్పుడు ఫలానా జాతీయత వాళ్ల దరఖాస్తులు ఎన్ని ఉన్నాయో చూడడానికి అధికారులు ఆ వివరాన్ని వాడారు.

ఇది కాకుండా, ఏ దరఖాస్తును మనిషి చేత తనిఖీ చేయించాలో ఎంచడానికి శాఖ ఒక కంప్యూటర్ నమూనాను నడిపింది. గత దరఖాస్తుల నుంచి తనంతట తాను నేర్చుకుంటూ, ప్రతి దరఖాస్తుకూ ఒక అనుమానపు మార్కు వేసేది. దరఖాస్తుదారు డచ్ పౌరులా కాదా అన్నది కూడా ఆ మార్కు వేయడానికి చూసే అంశాల్లో ఒకటిగా 2018 అక్టోబర్ దాకా ఉంది. ఎక్కువ మార్కు వచ్చిన దరఖాస్తు ఒక ఉద్యోగి బల్ల మీదికి వచ్చేది. ఎందుకు వచ్చిందో మాత్రం ఆ ఉద్యోగికీ తెలిసేది కాదు, ఏ అంశం వల్ల మార్కు పెరిగిందో యంత్రం చెప్పేది కాదు. అనుమానించదగ్గదని ముందే ముద్ర పడిన కాగితాన్ని కారణం తెలియకుండా చేతిలో పెడితే, ఆ మనిషి దానిలో తప్పు వెతకడానికే కూర్చుంటాడు. మనిషి తనిఖీ చేశాడు గనుక నిర్ణయం యంత్రానిది కాదని వాదించే ప్రతి ప్రభుత్వమూ ఆ బల్ల దగ్గర కాసేపు కూర్చుని చూడాలని నాకు అనిపిస్తుంది.

మూడోది అన్నిటికన్నా మామూలుగా కనిపించేది, బహుశా అన్నిటికన్నా ప్రమాదకరమైనది. మోసం చేసి ఉండవచ్చని అనుమానం కలిగిన వారి పేర్లు రాసుకోవడానికి శాఖలో 2013 నుంచి ఒక అంతర్గత జాబితా నడిచింది. రెండున్నర లక్షలకు పైగా మనుషుల పేర్లు, వారిలో మైనర్లవి కూడా, అందులో చేరాయి. ఆ జాబితాకు చట్టం నుంచి అనుమతి లేదు, దాని ప్రయోజనం ఏమిటో ముందుగా రాసుకోలేదు, వివరాలు తప్పులతడకగా, పాతబడి ఉన్నాయి, ఉంచాల్సిన కాలం కన్నా ఎక్కువ కాలం ఉంచారు, భద్రత సరిగా లేదు. అనుమానం నిజం కాదని తేలినవారి పేర్లు కూడా చాలాసార్లు అందులోనే ఉండిపోయాయి. తమ పేరు అందులో ఉందన్న సంగతే ఆ మనుషులకు తెలియదు. తెలియని ముద్రకు జవాబు చెప్పుకోవడం ఎవరి వల్ల అవుతుంది? 2020 ఫిబ్రవరిలో, సంగతి బయటపడబోతుండగా, ఆ జాబితాను ఆపేశారు.

ముద్ర పడ్డాక జరిగేది గొలుసుకట్టు. ఉద్దేశపూర్వకంగానో, తీవ్రమైన నిర్లక్ష్యంతోనో చేశారన్న గుర్తు ఫైలు మీద పడితే, బాకీని వాయిదాల్లో కట్టే వెసులుబాటు కూడా పోయేది. డే కేర్‌కు డబ్బు కట్టలేక బిడ్డను మాన్పిస్తే తల్లి ఉద్యోగం మానేయాలి, ఉద్యోగం మానేస్తే ఆ సాయానికే అర్హత పోతుంది. ఇళ్లు పోగొట్టుకున్నవారు, కాపురాలు చెడినవారు ఉన్నారు. ఈ బాధిత కుటుంబాల పిల్లల్లో వెయ్యి మందికి పైగా ఆ ఏళ్లలో ఇంటి నుంచి వేరే సంరక్షణలోకి వెళ్లారని అక్కడి గణాంక సంస్థ లెక్క తేల్చింది, అయితే దానికి కారణం ఈ బాకీలేనని మాత్రం ఆ లెక్క చెప్పదు. శాఖలోనే పనిచేసిన న్యాయ సలహాదారు సాండ్రా పాల్మెన్ 2017లోనే ఇది తప్పని, పరిహారం ఇవ్వాలని రాతపూర్వకంగా హెచ్చరించారు. ఆ నోట్‌ను పక్కన పెట్టేశారు. పత్రికా విలేకరులు, పీటర్ ఓమ్‌ట్‌సిఖ్ట్, రెన్స్కె లైటన్ అనే ఇద్దరు పార్లమెంటు సభ్యులు, తల్లిదండ్రుల తరఫు న్యాయవాది పట్టు వదలకుండా తవ్వగా, 2020 డిసెంబర్ 17న పార్లమెంటు విచారణ సంఘం 'కనీవినీ ఎరుగని అన్యాయం' అని అర్థం వచ్చే శీర్షికతో నివేదిక ఇచ్చింది. 2021 జనవరి 15న ప్రధాని మార్క్ రుట్టె మంత్రివర్గం మొత్తం రాజీనామా చేసింది. అప్పటి అంచనా ప్రకారం బాధితులు 26 వేల మంది తల్లిదండ్రులు. ఒక్కొక్కరికి కనీసం 30 వేల యూరోల పరిహారం ప్రకటించారు.

సమాచార రక్షణ సంస్థ పన్నుల శాఖకు రెండు జరిమానాలు వేసింది. రెండో జాతీయతను దాచి ఉంచడం, అనుమానపు మార్కుకు జాతీయతను వాడడం, ముఠాల వేటకు దాన్ని వాడడం అనే మూడు తప్పులకు 2021 డిసెంబర్‌లో 27.5 లక్షల యూరోలు, ఆ రహస్య జాబితాకు 2022 ఏప్రిల్‌లో 37 లక్షల యూరోలు. ప్రభుత్వ శాఖ ప్రభుత్వ ఖజానాకే కట్టే జరిమానా కనుక, ఎడమ జేబులోంచి తీసి కుడి జేబులో వేసుకున్నట్టే. అయినా ఆ తీర్పుల్లో విలువైన సంగతి ఒకటుంది. అవి ఏ తప్పు దేనివల్ల తప్పో విడివిడిగా పేర్లు పెట్టి చెప్పాయి.

ఐరోపా సమాచార రక్షణ చట్టమైన జీడీపీఆర్, ప్రభుత్వ సాయాల విషయంలో సమ్మతి మీద పెద్దగా ఆధారపడదు. ప్రభుత్వానికీ పౌరుడికీ మధ్య బలంలో ఇంత తేడా ఉన్నప్పుడు 'మీకు ఇష్టమేనా' అని అడగడంలో అర్థం లేదని ఆ చట్టం పీఠికే అంటుంది. బిడ్డను డే కేర్‌లో వేయడానికి డబ్బు కావలసిన తల్లి ఆ ఫారం కింద ఉన్న గడిలో టిక్కు పెట్టక ఏం చేస్తుంది? అందుకని సమ్మతి స్థానంలో వేరే కాపలాలు పెట్టారు. సమాచారం తీసుకునే ముందే అది ఏ పనికో చెప్పాలి, ఆ పనికి అవసరమైనంతే తీసుకోవాలి, సరిగ్గా ఉంచాలి, పని తీరాక తీసేయాలి, అడిగినప్పుడు ఆ మనిషికి చూపాలి. పన్నుల శాఖ దాటినవి సరిగ్గా ఈ గీతలే. అయితే చట్టం పుస్తకంలో ఉన్నా, దాన్ని అమలు చేయాల్సిన సంస్థ తలుపు తట్టేసరికి ఏళ్లు గడిచిపోయాయి.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఒక గ్రామ సచివాలయానికి వద్దాం. బడికి వెళ్లే పిల్లల తల్లులకు ఏడాదికి 15 వేల రూపాయల సాయం ఇచ్చే పథకం 2020 జనవరిలో అమ్మ ఒడి పేరుతో మొదలై, ప్రభుత్వం మారాక 2025 జూన్‌లో తల్లికి వందనం పేరుతో వచ్చింది. ఇంట్లో చదువుకునే పిల్లలందరికీ వర్తించేలా కొత్త పథకం పరిధి పెరిగింది, 15 వేలలో 2 వేలు బడి నిర్వహణకు మినహాయించి 13 వేలు తల్లి ఖాతాలో పడతాయి. ఇది డే కేర్ ఖర్చు కాదు, బడి ఖర్చు. కానీ పిల్లల పేరిట, తల్లి వివరాలపై, ఆమె బ్యాంకు ఖాతాకు నేరుగా వచ్చే ప్రభుత్వ సొమ్ము కావడం వల్ల మన చర్చకు సరిగ్గా సరిపోతుంది.

సచివాలయాల్లో అందరి నోటా వినబడే మాట 'ఆరు అంచెల ధ్రువీకరణ'. తల్లి దరఖాస్తుతో ఆమె ఇంటి మ్యాపింగ్‌లో, అంటే సచివాలయం దగ్గర ఒకే కుటుంబంగా నమోదైన జాబితాలో, ఉన్న అందరి ఆధార్ నంబర్లనూ పట్టుకుని, ఇతర శాఖల రికార్డులతో పోల్చి చూస్తారు. ఇంటి కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్లు దాటిందా, నాలుగు చక్రాల వాహనం ఉందా, మూడెకరాలకు మించిన మాగాణి గానీ పదెకరాలకు మించిన మెట్ట గానీ ఉందా, ఎవరైనా ఆదాయపు పన్ను కడుతున్నారా, ప్రభుత్వ ఉద్యోగి ఉన్నారా, పట్టణంలోనైతే వెయ్యి చదరపు అడుగులు దాటిన ఇల్లుందా అని చూస్తారు. అంటే బిడ్డ బడి కోసం దరఖాస్తు పెట్టిన తల్లి, విద్యుత్ పంపిణీ సంస్థ, రవాణా శాఖ, రెవెన్యూ, పురపాలక, పన్నుల రికార్డుల్లో తన ఇంటి గురించి ఏముందో ఒక్క చోట కుప్ప పోయడానికి వీలు కల్పిస్తోంది. ఆ పోలిక చేసే తంతువు ఆధార్ నంబరు. ఆ తంతువు ఎక్కడ తప్పుగా ముడిపడినా ఫలితం ఒకటే: అనర్హుల జాబితాలో పేరు, పక్కన ఒక చిన్న కారణం.

ఆ ముడి తప్పే తీరు సచివాలయ సిబ్బందికి కొత్త కాదు. ఒకే భవనంలో నాలుగు వాటాలు ఉంటే, నాలుగు మీటర్లూ అద్దెకున్న ఒక కుటుంబం ఆధార్‌కు అతికి ఉంటాయి. 300 యూనిట్లు దాటిందని ఆ తల్లికి డబ్బు ఆగుతుంది. అమ్మేసిన కారు ఇంకా పాత యజమాని పేరు మీదే ఉంటుంది. పెళ్లై వేరు కాపురం పెట్టిన కొడుకు ఇంకా తల్లిదండ్రుల మ్యాపింగ్‌లోనే ఉండి, అతని ఉద్యోగం వదినగారి పిల్లలకు అడ్డమవుతుంది. అప్పుడు ఆ తల్లి తిరగాల్సింది సచివాలయం చుట్టూ మాత్రమే కాదు, కరెంటు ఆఫీసు నుంచి ఆ మీటరు తనది కాదని సరిచేయించుకోవాలి. తప్పు చేసిన శాఖ ఒకటి, ఆ తప్పుతో నిర్ణయం తీసుకున్న శాఖ మరొకటి, రుజువు మోయాల్సింది తల్లి.

తెలంగాణలో ఇదే చిక్కు రేషన్ కార్డుల దగ్గర కోర్టుదాకా వెళ్లింది. 2016 నుంచి రద్దైన సుమారు 19 లక్షల కార్డుల విషయంలో, ఇంటికి వెళ్లి చూడకుండా, నోటీసు ఇవ్వకుండా కంప్యూటర్ పోలికల మీదే రద్దు చేశారన్నది పిటిషనర్ వాదన. వాటిని క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

అంగన్‌వాడీలో సమాచారం ఇంకో రూపంలో పోగవుతుంది. 2021 మార్చిలో మొదలైన పోషణ్ ట్రాకర్ యాప్‌లో గర్భిణులు, బాలింతలు, ఆరేళ్లలోపు పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు, పిల్లల ఎత్తు, బరువు చేరుతాయి. 2025 జులై 1 నుంచి ఇంటికి ఇచ్చే రేషన్‌కు ముఖ గుర్తింపు తప్పనిసరి అయింది. నేను చూసిన ఒక కేంద్రంలో గదిలో వెలుతురు చాలక, టీచరమ్మ బాలింతను గుమ్మం బయట వేపచెట్టు దగ్గర నిలబెట్టి ఫోన్ ఎత్తి పట్టుకుంది. కళ్లార్పమంటే ఆర్పింది, చంకలో బిడ్డ తల అడ్డం వస్తే పక్కకు జరిపింది, మూడోసారికి గుర్తింపు పడింది. తరవాత ఈకేవైసీ కోసం ఇంకొకామెను ఓటీపీ చెప్పమంటే, ఆ నంబరు భర్త దగ్గరుంది, ఆయన పనికి వెళ్లాడు. ఆమె ఆ పూట గుడ్లు తీసుకోకుండానే వెళ్లింది. టీచరమ్మ తప్పేమీ లేదు, యాప్ ముందుకు కదలకపోతే ఆమె చేయగలిగేది లేదు. ఆధార్ చూపలేకపోయిన కారణంగా ఏ బిడ్డకూ ఏ పథకం ప్రయోజనమూ నిరాకరించకూడదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 26 నాటి ఆధార్ తీర్పులో స్పష్టంగా చెప్పింది. ఆ మాట యాప్ తెర మీద ఏ మీటలో ఉందో నేను వెతికాను, కనబడలేదు.

మరి చట్టం ఏమంటుంది? 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, దాని నియమావళి 2025 నవంబర్‌లో వచ్చింది. పౌరులందరినీ 'ఆమె' అని సంబోధించే చట్టం ఇది. తల్లుల గురించి మాట్లాడుకుంటున్నాం గనుక ఆ సర్వనామం ఇక్కడ మరింత అతుకుతుంది. ముఖ్యమైన బాధ్యతలు, హక్కులు అమల్లోకి రావడానికి నియమావళి 18 నెలల గడువు ఇచ్చింది, అంటే 2027 మే దాకా.

ఆ చట్టంలో ఏడో సెక్షన్ 'బి' నిబంధన మన విషయానికి కీలకం. ప్రభుత్వం సబ్సిడీ, సాయం, ధ్రువపత్రం, లైసెన్సు వంటివి ఇవ్వడానికి కొత్తగా సమ్మతి అడగనక్కరలేదు. అంతకుముందు అలాంటి మరేదైనా ప్రభుత్వ సాయానికి ఆమె సమ్మతి ఇచ్చి ఉంటే చాలు, లేదా కేంద్రం నోటిఫై చేసిన ఏదైనా ప్రభుత్వ రికార్డులో ఆమె వివరాలు ఉంటే చాలు. సమ్మతిని పక్కన పెట్టడం దానికదే తప్పు కాదని ఐరోపా ఉదాహరణలోనే చూశాం. సమ్మతి స్థానంలో ఏ కాపలా పెట్టారన్నదే ప్రశ్న. నియమావళి రెండో అనుబంధం కొంత జవాబు ఇస్తుంది: చట్టబద్ధంగా, చెప్పిన పనికే, అవసరమైనంతే వాడాలి, సరిగ్గా ఉండేలా చూడాలి, భద్రత కల్పించాలి, ప్రశ్నలకు ఎవరిని అడగాలో ఆమెకు చెప్పాలి. ఒక మనిషికి సంబంధించిన నిర్ణయానికి వాడే సమాచారం పూర్తిగా, కచ్చితంగా ఉండేలా చూడాలని చట్టం ఎనిమిదో సెక్షన్ కూడా చెబుతుంది. 300 యూనిట్ల మీటరు కథకు ఈ వాక్యం నేరుగా వర్తిస్తుంది.

చిక్కు హక్కుల దగ్గర వస్తుంది. తన గురించి ఏ సమాచారం ఉందో చూసే హక్కును చట్టం పదకొండో సెక్షన్, దాన్ని సరిచేయించుకునే హక్కును పన్నెండో సెక్షన్ ఇస్తున్నాయి. కానీ ఆ రెండు సెక్షన్ల పాఠమూ ఆ హక్కులను సమ్మతి ఇచ్చి అందించిన సమాచారానికే ముడిపెట్టింది. ఏడో సెక్షన్ 'బి' కింద, సమ్మతి లేకుండానే ఒక రికార్డు నుంచి మరో రికార్డుకు పోయిన సమాచారం విషయంలో ఈ హక్కులు వర్తిస్తాయని ఆ పాఠంలో లేదు. చెరిపివేయించుకునే హక్కు ప్రభుత్వానికి వర్తించదని పదిహేడో సెక్షన్ విడిగా చెప్పేసింది. సాయం అడిగిన తల్లికే అత్యవసరమైన హక్కులు సరిగ్గా ఆమె దగ్గరికి వచ్చేసరికి పలచబడ్డాయన్నమాట. నల్లరంగు పూసిన ఆ డచ్ పేజీలు నాకు ఇక్కడే గుర్తొస్తాయి. అక్కడ చట్టం హక్కు ఇచ్చింది, శాఖ అడ్డుకుంది. ఇక్కడ రంగు పూయాల్సిన పని కూడా ఉండకపోవచ్చు.

నష్టపరిహారం సంగతీ అంతే. భద్రత లోపిస్తే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది, అది ప్రభుత్వ నిధికి చేరుతుంది. నిర్లక్ష్యం వల్ల నష్టపోయిన మనిషికి పరిహారం ఇప్పించే ఐటీ చట్టం 43ఏ సెక్షన్‌ను కొత్త చట్టం తొలగిస్తోంది. ఆ సెక్షన్ వర్తించేది సంస్థలకు మాత్రమే, ప్రభుత్వ శాఖల మీద అది ఎప్పుడూ పెద్ద ఆయుధం కాదు. అయినా దాని స్థానంలో బాధితురాలి చేతికి మరేదీ ఇవ్వలేదు.

గోప్యతకు రెండో వైపు కూడా ఒకటుంది, దాన్ని దాచి మాట్లాడడం న్యాయం కాదు. సచివాలయం గోడ మీద అర్హుల, అనర్హుల జాబితాలు అతికిస్తారు. సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలను ప్రభుత్వం తనంతట తానే ప్రకటించాలని సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ చెబుతుంది, సామాజిక తనిఖీ నిలబడింది దాని మీదే. ఊళ్లో లేని మనిషి పేరున డబ్బు పడుతోందని ఎవరికి తెలిసినా ఆ గోడ వల్లే తెలుస్తుంది. ఇప్పుడు కొత్త చట్టం సమాచార హక్కులోని వ్యక్తిగత సమాచార మినహాయింపును విస్తరించడంతో, గోప్యత పేరు చెప్పి ఆ జాబితాలనే మూసేసే ప్రమాదం వచ్చింది. నా మట్టుకు నాకు ఈ రెండింటికీ మధ్య గీత అంత కష్టమైనదిగా అనిపించదు. పేరు, ఊరు, పథకం, మొత్తం గోడ మీద ఉండవచ్చు. ఆధార్ నంబరు, ఫోన్, ఖాతా సంఖ్య, కులం ఉండనక్కరలేదు. అనర్హతకు కారణం మాత్రం ఊరందరికీ కనబడేలా ఒక ముక్కలో కాక, ఆ తల్లి చేతికి పూర్తిగా అందాలి: ఏ శాఖ రికార్డు, ఏ మీటరు సంఖ్య, ఏ తేదీ నాటి లెక్క, ఎవరి దగ్గర సరిచేయించుకోవాలి. అదే కాగితం 2014లో ఐండ్‌హోవెన్‌లోని ఆ 300 కుటుంబాల చేతికి వచ్చి ఉంటే, చాలా కేసులు ఒక రసీదుతో ముగిసిపోయేవి.

ఆ 18 నెలల గడువు తీరి హక్కులు అమల్లోకి వచ్చాక తల్లి చేతిలో ఉండేది ఫిర్యాదు. సమ్మతితో ఇచ్చారా లేదా అన్న తేడా లేకుండా ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చని పదమూడో సెక్షన్ చెబుతుంది, దానికి జవాబు ఇవ్వడానికి నియమావళి పెట్టిన గరిష్ఠ గడువు 90 రోజులు. ఆంధ్రప్రదేశ్‌లో బడులు తెరిచేది జూన్ రెండో వారంలో. జాబితా చూసుకున్న రోజే ఫిర్యాదు పెట్టినా, పూర్తి గడువు తీసుకుంటే జవాబు వచ్చేది సెప్టెంబర్‌లో. అప్పటికి త్రైమాసిక పరీక్షలు దగ్గర పడతాయి, ప్రైవేటు బడిలో రెండో విడత ఫీజు కట్టమని కబురు వస్తుంది, ఆ మీటరు మాత్రం ఇంకా ఆమె ఆధార్ మీదే తిరుగుతూ ఉంటుంది.